పద్మినిలో నల్లగొండకు, డొక్కు పంపు పట్టుకుని మిర్యాలగూడకు

చిట్యాల దాటాక మా ఆవిడ ముక్కు ఎగబీల్చి, "పెట్రోలు వాసన వస్తోందండీ" అంది. 1986 నాటి ప్రీమియర్ పద్మిని కారులో పెట్రోలు వాసన రాని రోజేదని నేను కిటికీ అద్దం ఇంకాస్త దించి ఊరుకున్నాను. నార్కట్‌పల్లి దగ్గర నల్లగొండ వైపు మళ్లాక ఇంజిన్ రెండుసార్లు ఊపిరి అందనట్టు తడబడింది. బోనెట్ ఎత్తితే ఇంజిన్‌కు పెట్రోలు అందించే పంపు అంచున తడి మెరుస్తోంది. ఆ రాత్రికి నాగార్జునసాగర్‌లో గది ముందే బుక్ చేసుకున్నాం. అక్కడికి చేరింది రెండు రోజుల తరువాత.

నల్లగొండలో ముందుగా కనబడిన పెద్ద బోర్డు షెడ్డుకే వెళ్లాం. ఏసీ గది, కుర్చీలు, కాఫీ, అన్నీ ఉన్నాయి. కుర్రవాడు పంపు చుట్టూ సిలికాన్ పేస్టు దట్టించి అరగంటలో పని అయిందన్నాడు. తొమ్మిది వందలు కట్టాను. ఆ పేస్టు పెట్రోలులో నాని ఉబ్బుతుందని, ఊడిన పెచ్చులు కార్బురేటర్‌లోని సన్న రంధ్రాలకు (జెట్లకు) అడ్డం పడతాయని నాకు తెలుసు. తెలిసీ సాగర్ గది పోతుందన్న తొందరలో నోరు మూసుకున్నాను. చీకటి పడేసరికి మళ్లీ తడి. బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాం. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, బండి పెట్టుకోవడానికి లోపల చోటుంది. తెల్లవార్లూ బస్సుల హారన్లు భరించగలిగితే ఆ ధరకు వంక పెట్టలేం.

మర్నాడు పొద్దున్నే పానగల్లు వెళ్లాం, ఊరికి ఆనుకునే ఉంటుంది. కందూరు చోళుల కాలపు ఛాయా సోమేశ్వరాలయంలో శివలింగం వెనక గోడ మీద స్తంభం లాంటి నీడ పగలంతా నిలిచి ఉంటుంది. బయట ఎండ నడినెత్తికి వస్తున్నా లోపల నీడ అక్కడే ఉంది. బయటికొచ్చి చూస్తే మా బండి కూడా అక్కడే ఉంది, ఎంత తిప్పినా కదలనంది.

టీ కొట్టు ఆయన ఫోను చేసి ఒక ముసలి మెకానిక్కును పిలిపించాడు. స్కూటరు మీద వచ్చిన ఆ చాచా పంపు ముట్టుకోలేదు. ఇంజిన్ ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ లాగి వాసన చూసి నా ముక్కు దగ్గర పెట్టాడు. "ఇది ఆయిల్ కాదు సార్, సగం పెట్రోలు. ఇంకోసారి స్టార్టు చేయకండి." పంపులోని డయాఫ్రమ్, అంటే రబ్బరు పొర, చిరిగితే పెట్రోలు బయటికే కాదు, పంపు లివరు దారిన ఇంజిన్ ఆయిల్‌లోకీ జారుతుంది. ఆయిల్ పలచబడి బేరింగులు అరుగుతాయి. బయటి తడి కంటే ఈ కనబడని కారడమే అసలు ప్రమాదం. ఇక్కడ చదవడం ఆపినా సరే, పాత బండి ఉన్నవారు పెట్రోలు వాసన రాగానే ముందు డిప్‌స్టిక్ చూడండి.

పంపు విప్పితే డయాఫ్రమ్ మెత్తబడి, మడత దగ్గర చీలి ఉంది. బండి నెలల తరబడి కదలకుండా ఉండటం ఒకటి, ఇప్పుడు బంకుల్లో పోసే 20 శాతం ఇథనాల్ పెట్రోలు రెండోది. ఆనాటి రబ్బరు ఇథనాల్‌ను తట్టుకోవడానికి చేసింది కాదు, ఉబ్బుతుంది. పైగా ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది.

నల్లగొండ దుకాణాల్లో పద్మిని పేరు చెబితే నవ్వారు. "మిర్యాలగూడ వెళ్లండి, మిల్లుల ఊరు అది" అన్నాడు చాచా. పాత పంపును పేపర్లో చుట్టుకుని బస్సెక్కాను. సాగర్ ఎడమ కాలువ నీళ్లకు పండే వడ్లన్నీ చేరే ఊరు, వందకు పైగా రైసు మిల్లులు. కోతల సీజనులో మిల్లు ఆగితే యజమాని ప్రాణం ఆగినట్టే కాబట్టి ఆయిల్ సీళ్లు, ఓ-రింగులు అనే రబ్బరు చుట్లు, బెల్టులు అమ్మే కొట్లు అక్కడ వరసగా ఉన్నాయి. అక్కడ ఎవరూ బండి పేరు అడగలేదు. కొలత అడిగారు, ఏ ద్రవం తగులుతుందని అడిగారు. నైలాన్ గుడ్డ నడుమ వేసిన నైట్రైల్ రబ్బరు షీటు మీద పాత డయాఫ్రమ్ పెట్టి గీసి, కత్తిరించి, పంచ్‌తో రంధ్రాలు కొట్టి ఇచ్చారు. ఇథనాల్‌కు బాగా ఆగే వైటన్ రబ్బరు ఓ-రింగులూ, ఇంజెక్షన్ బండ్లకు వాడే పెట్రోలు గొట్టమూ అక్కడే దొరికాయి. అన్నీ కలిపి ఏసీ షెడ్డు బిల్లులో సగం కూడా కాలేదు.

బిగించే పద్ధతి చాచా దగ్గరే నేర్చుకున్నాను. మూత మరలు వదులుగా పెట్టి, లివరును పూర్తిగా నొక్కి పట్టుకుని అప్పుడు బిగించాలి. లేకపోతే డయాఫ్రమ్ బిగుసుకుపోయి నెలకే చిరుగుతుంది. పంపుకూ ఇంజిన్‌కూ నడుమ బేకలైటు ముక్క, ప్యాకింగులు ఎన్ని తీశామో అన్నే పెట్టాలి, మందం మారితే లివరు కదిలే దూరం మారుతుంది. కొత్త ఆయిల్ పోశాకే స్టార్టు చేయనిచ్చాడు. డబ్బు తీసుకోవడానికి మొహమాటపడ్డాడు, మా ఆవిడే బలవంతంగా జేబులో పెట్టింది.

సాగర్ గురించి ఎక్కువ రాయను, అందరూ రాసిందే. పర్యాటక సంస్థ వారి విజయ విహార్‌లో జలాశయం వైపు గది అడిగి తీసుకోండి. అక్కడి బౌద్ధ పార్కు బుద్ధవనానికి సగం రోజు కేటాయించండి, మధ్యాహ్నం ఎండలో మాత్రం వద్దు.

హైదరాబాద్ తిరిగొచ్చాక సికింద్రాబాద్ రాణిగంజ్‌లో తిరిగి అసలు పంపు కిట్టు ఒకటి సంపాదించాను. ముంబైలో పద్మిని టాక్సీలు 2023లో ఆగిపోయాక ఈ సరుకు అడిగేవాళ్లే లేరని, ఇదీ పాత నిల్వేనని కొట్టతను అన్నాడు. పాత నిల్వ అంటే పాత రబ్బరే కదా, అందుకని దాన్ని బిగించలేదు, డిక్కీలో పెట్టాను. మిర్యాలగూడ ముక్కే నడుస్తోంది. రోజూ రాత్రి బండి కింద పేపరు పరిచి పొద్దున్నే చూస్తున్నాను. ఇంజిన్ కింద పొడిగానే ఉంది, వెనక ట్యాంకు వైపు మాత్రం నిన్న రూపాయి బిళ్లంత మరక కనబడింది.