హంపికి వెళ్లాలా, చంద్రగిరి చాలా?

తిరుపతిలో ఉంటూ విజయనగర రాజుల పాత రాజధాని చూడాలనుకుంటే ఈ ప్రశ్న తప్పదు.

ఖర్చు: చంద్రగిరికి బస్సు టికెట్టు చాలు. హంపికైతే హరిప్రియ రైల్లో రాత్రి ప్రయాణం, హోస్పేటలో ఆటో, రూము.

కథ: ఇక్కడ హంపిదే పైచేయి. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత పాడుబడిన మహానగరం అది. 1800 ప్రాంతంలో బ్రిటిష్ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి పటం గీశాడు. అయితే ఆ యుద్ధం తర్వాత అక్కణ్ణించి తప్పించుకున్న రాజులు పెనుకొండ మీదుగా చేరింది మన చంద్రగిరికే! కలప లేకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టిన రాజమహల్‌లో మిట్టమధ్యాహ్నం కూడా చల్లగానే ఉంటుంది.

ఇబ్బంది: హంపిలో ఎండ, నడక. చంద్రగిరిలో శుక్రవారం మ్యూజియం సెలవు.

ఒక్క పూటే ఖాళీ, వెంట పెద్దవాళ్లు ఉంటే చంద్రగిరి. మూడు రోజుల సెలవు, కాళ్లలో ఓపిక ఉంటే హంపి, అదీ డిసెంబరులో.