నేలమీద కూర్చుని వాయించేవాళ్ళకి ఇంటి రికార్డింగ్ సామాను: నేను వాడి చూసినవి

ముందే చెప్పేస్తాను. కర్ణాటక వయొలిన్ నేర్చుకునే పిల్లలున్న ఇంట్లో రికార్డింగ్ మొదలుపెట్టాలంటే నా ఓటు షూర్ ఎస్‌ఎం57 మైకుకి, ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో ఇంటర్‌ఫేస్‌కి (మైకు శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే పెట్టె), ఆడియో-టెక్నికా ఏటీహెచ్-ఎం20ఎక్స్ హెడ్‌ఫోన్‌కి. మీ గది నిజంగా నిశ్శబ్దంగా ఉంటుందంటే ఎస్‌ఎం57 బదులు ఆడియో-టెక్నికా ఏటీ2020 తీసుకోండి. వీటన్నిటికన్నా ముందు కొనాల్సింది మాత్రం ఒక పొట్టి స్టాండు.

నేను విజయనగరంలో వయొలిన్ నేర్పుతాను. 1919లో మొదలైన సంగీత కళాశాల ఉన్న ఊరు, ద్వారం వెంకటస్వామి నాయుడుగారు పాఠాలు చెప్పిన ఊరు. ఇక్కడ వయొలిన్ పట్టే పిల్లలకు కొదవ లేదు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో డాలస్ నుంచి, మెల్‌బోర్న్ నుంచి కూడా నేర్చుకుంటున్నారు. వాళ్ళ అమ్మానాన్నలు అందరూ అడిగేది ఒకటే: "టీచర్‌గారూ, పాప వాయించింది రికార్డు చేసి పంపాలంటే ఏ మైకు కొనమంటారు?" ఇంటర్నెట్‌లో కనిపించే సలహాలు ఎక్కువగా గిటార్ వాయించేవాళ్ళ కోసమో, నిలబడి పాడేవాళ్ళ కోసమో, బల్ల ముందు కూర్చుని మాట్లాడేవాళ్ళ కోసమో రాసినవి. మనం చాప వేసుకుని కూర్చుని, వయొలిన్ తలని కుడి పాదం మీద ఆనించి వాయిస్తాం. అక్కడే లెక్కలన్నీ మారిపోతాయి.

వారం వారం సాధన నాకు వినిపించడానికైతే ఫోను చాలు, దానికోసం వేలకి వేలు పెట్టకండి. అయితే ఫోను తనంతట తానే సౌండు పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. కమాను ఒత్తిడి తగ్గించి సన్నగా వదిలిన స్వరాన్ని పైకి లాగుతుంది, గట్టిగా పట్టినదాన్ని కిందకి నొక్కుతుంది. వినేవాళ్ళకి అంతా ఒకే మట్టంలో ఉన్నట్టు అనిపిస్తుంది. పిల్లకి కమాను మీద అదుపు వచ్చిందా లేదా అన్నది నాకు తెలియాల్సింది సరిగ్గా అక్కడే. వీడియో కాల్ పాఠాల్లో ఇంకో ఇబ్బంది ఉంది. తంబురా ఆగకుండా మోగుతుంది కాబట్టి దాన్ని కూడా ఫ్యాన్ మోతలాగే లెక్కగట్టి సాఫ్ట్‌వేర్ తీసేస్తుంది. జూమ్‌లో 'ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్' అనే సెట్టింగ్ ఉంది. అది ఆన్ చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. పైసా ఖర్చులేని పని, ముందు అది చేసి చూడండి. ఆ తర్వాత కూడా వర్ణమో కృతో శుభ్రంగా రికార్డు చేసి దాచుకోవాలని ఉంటే అప్పుడు సామాను సంగతి ఆలోచించవచ్చు.

స్టాండుతో మొదలుపెడతాను, ఎందుకంటే దీని గురించి ఎవరూ చెప్పరు. మామూలు మైకు స్టాండు నిలబడి పాడేవాళ్ళ కోసం చేసినది. పూర్తిగా దించినా చాలావాటి ఎత్తు దాదాపు మూడడుగుల దగ్గర ఆగిపోతుంది. నేలమీద కూర్చున్న పదేళ్ళ పిల్ల వయొలిన్ అంతకన్నా కిందే ఉంటుంది. అడ్డకడ్డీని కిందకి వంచితే మైకు దిగుతుంది గానీ, బరువంతా ముందుకు పడి స్టాండు తూలుతుంది. వయొలిన్ మీద మైకు పడితే ఏమవుతుందో ఊహించుకోండి. డ్రమ్స్ ముందు, గిటార్ యాంప్లిఫయర్ల ముందు పెట్టే పొట్టి స్టాండ్లు ఉంటాయి. షాపులో 'షార్ట్ బూమ్ స్టాండు' అని అడగండి. ముక్కాలి పీటలా కాళ్ళు చాచేదానికన్నా అడుగున గుండ్రటి ఇనుప దిమ్మ ఉన్నది మేలు, చాప మీద కదలదు. విశాఖపట్నంలో నాకు రెండు వేల లోపే దొరికింది. ఈ సామాను మొత్తంలో నాకు బాగా నచ్చిన ఖర్చు ఇదే.

ఇక గది. మాది గంట స్తంభానికి దగ్గర్లోని పాత ఇల్లు. గచ్చు నేల, సున్నం గోడలు, ఎత్తయిన కప్పు. అలాంటి గదిలో వాయిస్తే వినడానికి హాయిగా ఉంటుంది, రికార్డింగ్‌లో మాత్రం స్వరం చుట్టూ మోత పేరుకుంటుంది. గమకం అంచులు చెరిగిపోతాయి. మీ గదిలో ఒకసారి చప్పట్లు కొట్టి చూడండి. వెనకే ఖంగుమని ఏదైనా వినిపిస్తే అక్కడ రికార్డు చేయకండి. ఇంట్లో అన్నిటికన్నా సామాను ఎక్కువగా ఉన్న చిన్న గది ఎంచుకోండి. బట్టల బీరువా తలుపులు బార్లా తెరవండి, చీరలు చాలా మోతని పీల్చేస్తాయి. దూదిపరుపు గోడకి నిలబెట్టండి, వెనక దండెం మీద రెండు బొంతలు వేలాడదీయండి, కింద జంపఖానా పరవండి. కోడిగుడ్ల అట్టలు గోడలకి అంటించుకున్న ఇళ్ళు నేను చూశాను. అవి పలచటి కాగితపు అట్టలు. బయటి చప్పుడుని ఆపవు, లోపలి మోతనీ సరిగ్గా పీల్చవు. ఆ శ్రమ వద్దు.

ఫ్యాను ఆపాల్సిందే. మే నెలలో ఇది చాలా కష్టం. వేళ్ళకి చెమట పడితే తీగ మీద జారు సరిగ్గా రాదు. అందుకే వేసవిలో నేను రికార్డింగులన్నీ తెల్లవారుజామునే పెట్టుకుంటాను. ఆటోల రొద కూడా అప్పటికి మొదలుకాదు.

ఇప్పుడు మైకులు. ఏటీ2020 కండెన్సర్ మైకు, అంటే సన్నటి వివరం కూడా పట్టే, కరెంటుతో నడిచే రకం. 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు అందుకుంటుంది, దానికి ఇంటర్‌ఫేస్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు కేబుల్ గుండానే వెళ్ళే కరెంటు) ఇవ్వాలి. ఊరు సద్దుమణిగాక దీనితో తీసిన కల్యాణి ఆలాపన విన్నప్పుడు నాకు చాలా సంతోషమనిపించింది. మంద్రస్థాయి తీగ మీద కమాను పట్టు దొరికే క్షణం, రోజిన్ అంటిన వెంట్రుకల గరుకు, కమాను తిప్పేచోట వచ్చే సన్నటి ఊపిరి, అన్నీ ఉన్నాయి. అలాంటి వివరం విని పిల్లలు తమ తప్పులు తామే పట్టుకుంటారు. అంత వివరం పట్టే మైకు వీధిలో కుక్క అరుపునీ పట్టుకుంటుంది, వంటింట్లో కుక్కరు కూతనీ పట్టుకుంటుంది. అది కండెన్సర్ గుణం, దాన్ని తప్పు పట్టడానికి లేదు. వీధి మీద ఇల్లు ఉన్నవాళ్ళు ఇది తెలుసుకుని కొనాలి. దీనిమీద లోతైన (తక్కువ హెర్ట్జ్) శబ్దాలు కోసేసే స్విచ్ ఉండదు, అదిరింపుని ఆపే షాక్ మౌంట్ డబ్బాలో రాదు. లారీ వెళితే నేల అదిరే ఇంట్లో ఈ రెండూ అవసరమే.

కొంచెం ఎక్కువ పెట్టి రోడ్ ఎన్‌టీ1 కొనమంటారా అని అడుగుతారు. చాలా మంచి మైకు. దాని సొంత రొద (ఏ చప్పుడూ లేనప్పుడు మైకులోంచే వచ్చే మోత) 4 డెసిబెల్సే, ఏటీ2020ది 20. స్టూడియోలో ఆ తేడా తెలుస్తుంది. మన ఇళ్ళలో రాత్రిపూట కూడా గదిలో ఉండే సద్దు ఆ 20 కన్నా పైనే ఉంటుంది. ఫ్రిజ్ మోత కింద మునిగిపోయే తేడా కోసం మొదట్లోనే డబ్బు పెట్టడం అనవసరం.

ఎస్‌ఎం57 పూర్తిగా వేరే రకం. 1965 నుంచి ఉన్న డైనమిక్ మైకు, 40 నుంచి 15,000 హెర్ట్జ్ వరకు. కరెంటు అక్కర్లేదు, చేయి జారి కింద పడినా బెంగ లేదు. వాడుక తీరులోనే దీని లాభమంతా ఉంది. ఏటీ2020ని రెండడుగుల దూరంలో పెడితేనే వయొలిన్ నిండుగా వస్తుంది. ఎస్‌ఎం57ని జానెడున్నర దూరానికి తెచ్చుకోవచ్చు. అంత దగ్గరయ్యేసరికి వయొలిన్ ముందు వీధి చప్పుడు చిన్నదైపోతుంది. మైకు వీపు కిటికీ వైపు ఉండేలా పెడితే ఇంకా తగ్గుతుంది. పైషడ్జం దాటాక వచ్చే కీచుదనం దీనిలో తక్కువ. మొదటి రెండేళ్ళ పిల్లల కమాను ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి, దాన్ని మెత్తగా వినిపించే మైకే వాళ్ళకి ఉత్సాహమిస్తుందని నా నమ్మకం. కమాను గరుకు, ఊపిరి ఏటీ2020లో ఉన్నంతగా ఉండవు. ఆ నష్టానికి ఒప్పుకునే నేను దీన్ని ముందు పెడుతున్నాను.

మైకుని బ్రిడ్జికి సూటిగా కాకుండా, కాస్త పైనుంచి ఎఫ్ ఆకారపు రంధ్రం వైపు వంచి పెట్టండి. రికార్డు నొక్కేముందు కమానుని ఈ కొస నుంచి ఆ కొసదాకా నాలుగు తీగల మీదా లాగి చూసుకోండి, మొన ఎక్కడా మైకుకి తగలకూడదు. పిల్ల వాయించడంతో పాటు పాడుతుంది కూడా అంటే ఎస్‌ఎం58 తీసుకోండి. రెండింటి లోపలి సరుకు దాదాపు ఒకటే, గాలి పోటు ఆపే గుండ్రటి జాలీ 58కి ఉంటుంది. షూర్ పేరుతో నకిలీలు మార్కెట్లో చాలా ఉన్నాయి, కాబట్టి బిల్లు, వారంటీ ఇచ్చే అధీకృత డీలరు దగ్గరే కొనండి. ధర సగానికి సగం కనిపిస్తే వదిలేయండి.

స్కార్లెట్ సోలో నాలుగో తరం 2023లో వచ్చింది. నేను దీన్నే ఎందుకు చెబుతున్నానంటే, దీని మైకు గెయిన్, అంటే మైకు శబ్దాన్ని పెంచే శక్తి, 57 డెసిబెల్స్. డైనమిక్ మైకుతో వయొలిన్ పట్టాలంటే ఇంటర్‌ఫేస్‌కి ఆ సత్తువ కావాలి. గుండీ చుట్టూ వెలిగే దీపం ఆకుపచ్చగా ఉంటే బాగున్నట్టు, ఎర్రబడితే స్వరం పగిలినట్టు. పిల్ల గట్టిగా వాయించే భాగం ముందు ఒకసారి వాయించమని, కంప్యూటర్‌లో మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా పెట్టుకోండి. రికార్డింగ్ నాణ్యత సెట్టింగ్ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ చాలు. డబ్బా మీద 192 అని ఉంటుంది, దానివల్ల మనకి ఫైలు పెద్దదవడం తప్ప ఒరిగేదేమీ లేదు. డైరెక్ట్ మానిటర్ బొత్తాం నొక్కితే మన వాయింపు ఆలస్యం లేకుండా చెవిలో పడుతుంది. తాళం తప్పకుండా ఉండాలంటే ఇది ఆన్‌లో ఉండాలి. హెడ్‌ఫోన్‌లో గుయ్‌మని కరెంటు మోత వస్తుంటే ఛార్జర్ తీసేసి, ల్యాప్‌టాప్‌ని బ్యాటరీ మీద నడపండి. ఎర్తింగ్ సరిగా లేని మా పాత ఇంట్లో నేను ఎప్పుడూ అలాగే చేస్తాను.

హెడ్‌ఫోన్ దగ్గర పిసినారితనం వద్దు. తంబురా చెవిలోనే మోగాలి, మైకులోకి కారకూడదు. అప్పుడే ఆలాపన ఒక ట్రాకు మీద, శ్రుతి ఇంకో ట్రాకు మీద విడివిడిగా ఉంటాయి, తర్వాత శ్రుతిని కావలసినంత పెట్టుకోవచ్చు. ఎం20ఎక్స్ చెవిని మూసేసే రకం, ఆ పని చక్కగా చేస్తుంది. మూడు మీటర్ల వైరు ఉంటుంది, సోలోకి సరిపడే లావు పిన్ను కూడా డబ్బాలోనే ఇస్తారు. వైరు ఎడమ చెవి వైపు నుంచి దిగుతుంది. మన వయొలిన్ కూడా ఎడమ వైపే ఎదకి ఆని ఉంటుంది. వైరుని భుజం మీదుగా వీపు వెనక్కి వేసుకోండి, లేకపోతే చెక్కకి రాసుకుని ఆ గీరుడు రికార్డింగ్‌లోకి వస్తుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్ మాత్రం వద్దు, అందులో శబ్దం ఆలస్యంగా వస్తుంది.

సాఫ్ట్‌వేర్ గురించి టెన్షన్ పడకండి. ఆడాసిటీ ఉచితం, మన పనికి చాలు. మన వయొలిన్ మంద్ర తీగ కూడా 100 హెర్ట్జ్ పైనే పలుకుతుంది, కాబట్టి 80 కన్నా కింద ఉన్నదంతా కోసేయండి. లారీ మోత చాలావరకు పోతుంది, స్వరానికి ఏమీ కాదు. ప్రతిధ్వని కలపడం లాంటివి పిల్లలకి ఇప్పుడే అలవాటు చేయకండి. శ్రుతి దోషాన్ని అవి కప్పేస్తాయి.

స్టాండు, కేబుల్ కలుపుకుని మొత్తం 30 వేలకి కాస్త అటూఇటూగా అవుతుంది. ఈ మాట విని కొందరు ఆన్‌లైన్‌లో రెండు మూడు వేలకి వచ్చే కిట్ల వైపు చూస్తారు. కండెన్సర్ మైకు, స్టాండు, చప్పట్లు నవ్వులు మోగించే బొత్తాలున్న సౌండు పెట్టె అన్నీ కలిపి ఇస్తారు. మా శిష్యుడొకడి ఇంట్లో అలాంటిది విన్నాను. తంబురా కన్నా దాని సొంత రొద గట్టిగా ఉంది. ఆ డబ్బుతో పొట్టి స్టాండు, ఫోను పట్టుకునే క్లిప్పు కొనుక్కుని, బొంతలు కట్టిన గదిలో ఫోనుతోనే రికార్డు చేస్తే అంతకన్నా బాగా వస్తుంది. మిగతావి తర్వాత ఒక్కొక్కటే కొనుక్కోవచ్చు.

ఇంట్లో ఒకరు పాడుతూ ఒకరు వాయిస్తుంటే సోలో కొనకండి. దానికి మైకు ఒక్కటే పడుతుంది. మొదటే స్కార్లెట్ 2ఐ2 తీసుకోండి. రెండు మైకులు పడతాయి, సోలోలో లేని ఆటో గెయిన్ (గెయిన్‌ని తనే సర్దిపెట్టే సదుపాయం) కూడా ఉంటుంది. మృదంగం కూడా కలవాలంటే కుడికీ ఎడమకీ చెరొక మైకు కావాలి, అంటే మొత్తం నాలుగు. అప్పుడు పేరులో నాలుగు ఉంది కదా అని స్కార్లెట్ 4ఐ4 కొనేయకండి, అందులోనూ మైకు ఇన్‌పుట్లు రెండే. మైకు ఇన్‌పుట్లు ఎన్ని అని విడిగా అడిగి, డబ్బా వెనక చూసుకుని కొనండి.