సుజుకి ఆల్టో వర్క్స్: మారుతి 800 అన్నదమ్ముడే, కానీ టర్బోతో

మన రోడ్ల మీద తిరిగిన 1986 నాటి మారుతి 800 బాడీ, జపాన్‌లో 1987లో వచ్చిన ఆల్టో వర్క్స్ బాడీ ఒకే కుటుంబానివి. తేడా అంతా బానెట్ కింద ఉంది. 543 సీసీ, మూడు సిలిండర్లు, ట్విన్ క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్టులు రెండు), 12 వాల్వులు, టర్బో (ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి తోసే పరికరం), ఇంటర్‌కూలర్ (ఆ గాలిని చల్లబరిచేది): 7,500 ఆర్‌పీఎం దగ్గర 64 హార్స్‌పవర్! జపాన్‌లో చిన్న కార్ల పవర్‌కు కంపెనీలు పెట్టుకున్న హద్దు ఈ అంకె దగ్గరే స్థిరపడింది. పొదుపు కారు కంపెనీ చేసిన పని ఇది, నిజంగా మెచ్చుకోవాలి.

కొనేవాళ్లకైతే ఆర్ఎస్-ఆర్ మోడలే మా ఓటు. నాలుగు చక్రాలకూ పవర్ వెళ్తుంది కాబట్టి తడి రోడ్డు మీద పట్టు బాగుంటుంది.

చూడాల్సింది ముందు తుప్పు. డోర్ల కింది అంచులు, వెనక చక్రాల ఆర్చీలు, ఫ్లోర్ మ్యాట్ ఎత్తి అడుగు రేకు వేలితో నొక్కి చూడండి. యాక్సిలరేటర్ వదిలినప్పుడు నీలి పొగ వస్తే టర్బో సీల్ గానీ వాల్వ్ సీల్ గానీ పోయినట్టే. మూడు సిలిండర్ల కంప్రెషన్ (లోపల గాలిని నొక్కినప్పుడు వచ్చే ఒత్తిడి) దాదాపు సమానంగా ఉండాలి. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో రుజువు లేకపోతే ముందు అదే మార్చండి. ఇంజిన్ ఆయిల్ మార్చడం 5,000 కిలోమీటర్లు దాటనివ్వొద్దు. గట్టిగా తోలాక ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపండి, లేదంటే టర్బో బేరింగులో ఆయిల్ మాడి గడ్డకడుతుంది.