విజయనగరం క్వాంటం టోమోగ్రఫీ వర్క్‌షాప్: మొదటి రోజు భేష్, రెండో రోజు హడావిడి

అమరావతి క్వాంటం వ్యాలీ ప్రకటన వచ్చాక మన వైపు కూడా క్వాంటం కోర్సుల బోర్డులు బాగానే వెలిశాయి. చాలా చోట్ల బ్లోక్ గోళం (క్వాంటం బిట్, అంటే క్యూబిట్, స్థితిని బాణంగా చూపే గోళం) బొమ్మ చూపించి సర్టిఫికెట్ చేతిలో పెడతారు. గంటస్తంభం దగ్గర శని, ఆదివారాల్లో నడిచే ఈ వర్క్‌షాప్ అలాంటిది కాదు. పట్టుకున్నది ఒకటే పని: క్యూబిట్‌ని నేరుగా కొలవకుండా, దానికి జతచేసిన యాన్సిల్లాలను (సహాయక క్యూబిట్లను) కొలిచి, ఆ లెక్కల నుంచి క్యూబిట్ స్థితిని రాబట్టడం. ఇలా కొలతల నుంచి స్థితిని రాబట్టడమే టోమోగ్రఫీ.

ఒక క్యూబిట్‌లో తెలియని సంఖ్యలు 3. ఫలితాల వాటాల మొత్తం ఎప్పుడూ 1 కనుక ఒకటి కొత్తగా ఏమీ చెప్పదు, కాబట్టి కనీసం 4 ఫలితాలున్న కొలత కావాలి. రెండు యాన్సిల్లాలు కలిపితే 00, 01, 10, 11 అని నాలుగూ దొరుకుతాయి. ఒక్కో ఫలితానికి గోళంలో ఒక దిశ ఉంటుంది. ఆ నాలుగు దిశలూ సమ చతుర్ముఖి మూలలైతే లెక్క చేత్తోనే తేలుతుంది: ఒక్కో దిశని దాని వాటాతో గుణించి, కూడి, మూడు రెట్లు చెయ్యాలి.

అసలు మజా ఇక్కడే. 1000 షాట్లలో (అదే కొలత 1000 సార్లు చేస్తే) 520, 160, 160, 160 వచ్చాయనుకోండి. దిశల మొత్తం సున్నా కనుక స్థితి వెక్టర్ (ఆ బాణం) పొడవు 3×(0.52−0.16), అంటే 1.08. ఒకటి దాటకూడదు, దాటింది! స్థితి మాత్రిక ఐగెన్ విలువల్లో ఒకటి −0.04; అవి సంభావ్యతలు, రుణం కాకూడదు. కోడ్ తప్పేమో అని అందరూ వెతుకుతారు. తప్పేం లేదు, క్యూబిట్ సరిగ్గా మొదటి దిశలోనే ఉంటే అసలు రావాల్సింది 500, ప్రామాణిక విచలనం సుమారు 16, కాబట్టి 20 తేడా మామూలే. అందుకే గరిష్ఠ సంభావ్యత పద్ధతి (ఈ ఫలితాలు రావడానికి అత్యంత అనువైన స్థితిని వెతకడం): స్థితిని ఒక మాత్రిక, దాని హెర్మిషియన్ కాంజుగేట్‌ల లబ్ధంగా రాసి, ట్రేస్‌తో భాగిస్తే రుణ విలువ రానే రాదు. ఇది ఓపిగ్గా, తెలుగులోనే చెప్పారు.

రెండో రోజు బలహీన కొలతలు, అంటే క్యూబిట్‌ని కొద్దిగానే తాకే కొలతలు. యాన్సిల్లాలో కనిపించే తేడా పదో వంతుకి తగ్గితే, అదే ఖచ్చితత్వానికి షాట్లు 100 రెట్లు కావాలి. గ్రాఫ్ గీసి చూపించారు, బాగుంది. యాన్సిల్లా రీడౌట్ పొరపాట్లకి మాత్రం టీ ముందు పది నిమిషాలే. 0ని 1గా చదివే లోపాన్ని పీఓవీఎంలో (ఏ స్థితికి ఏ ఫలితం ఎంత సంభావ్యతతో వస్తుందో చెప్పే కొలత వర్ణనలో) కలపకపోతే లక్ష షాట్లు తీసినా ఆ తప్పు తగ్గదు. తెలిసిన 4 స్థితులు పంపి పీఓవీఎంనే ముందు కొలుచుకోవాలని ఒక అభ్యాసం పెట్టాల్సింది.

వెళ్లేవాళ్లు నమ్‌పై, సైపై (పైథాన్ లెక్కల లైబ్రరీలు) ఇంటి దగ్గరే ఎక్కించుకోండి. వాళ్లిచ్చే కాగితంలో మూడో దిశకి ఒక మైనస్ గుర్తు పోయింది. నాలుగూ కూడి సున్నా వస్తోందో లేదో చూసుకున్నాకే కోడ్‌లో పెట్టండి.