మూడు క్లాంపుల పైపు: జోబర్గ్ మేయర్ అభ్యర్థుల ప్లాన్లపై పన్నెండేళ్ల అనుభవంతో నా సమీక్ష

మేం దక్షిణాఫ్రికాలోని జోహన్నెస్‌బర్గ్ (ఇక్కడివాళ్ల మాటలో జోబర్గ్) వచ్చి పన్నెండేళ్లయింది. వచ్చినప్పుడు మేయర్ పార్క్స్ టావ్. ఆయన దిగాక ఆ కుర్చీలో ఎనిమిది మంది కూర్చున్నారు, వాళ్లలో ఇద్దరు రెండేసి సార్లు. ప్రతి ఒక్కరూ ఒక ప్లాన్ చెప్పారు. 2026 నవంబర్ 2 నుంచి 2027 జనవరి 31 లోపు మళ్లీ స్థానిక ఎన్నికలు జరగాలి కాబట్టి ఇప్పుడు ఏ స్తంభం చూసినా పోస్టర్లే. డీఏ (డెమోక్రటిక్ అలయెన్స్) పార్టీ తరఫున హెలెన్ జిల్లే, యాక్షన్ ఎస్ఏ పార్టీ తరఫున హెర్మన్ మషాబా. ఇవతల ఇప్పుడు నగరాన్ని నడుపుతున్న ఏఎన్‌సీ (ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్).

నేరాలు, రోడ్ల మీద గుంతలు, వెలగని ట్రాఫిక్ లైట్లు, ముఠాలు కబ్జా చేసిన బిల్డింగులు, వీటి గురించి ఇక్కడున్నవాళ్లకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. అందరి ప్లాన్లలోనూ ఇవి ఉన్నాయి. నేను మాత్రం ఏ ప్లాన్ చేతికొచ్చినా ముందు నీళ్ల గురించి ఏం రాశారో వెతుకుతాను. ఎందుకో చెప్పాలంటే, మా ఇంట్లో పదకొండు రోజులు నీళ్లు రాని సంగతి చెప్పాలి.

ఈ నగరానికి పెద్ద నది లేదు, సముద్రం లేదు. 1886లో బంగారం దొరికిందని గుట్టల మీద కట్టుకున్న ఊరు. సముద్రమట్టానికి దాదాపు 1,700 మీటర్ల ఎత్తు. నీళ్లు దక్షిణాన ఉన్న వాల్ నది వైపు నుంచి పంపులతో పైకెక్కాలి. ఆ వాల్‌కు కూడా లెసోతో కొండల నుంచి సొరంగాల్లో నీళ్లు తెస్తారు. అంత దూరం వచ్చిన నీళ్లు గుట్టల మీది రిజర్వాయర్లలో నిండి, అక్కడి నుంచి మన కొళాయికి దిగుతాయి. రిజర్వాయర్‌లో మట్టం పడిపోతే ముందు ఎండిపోయేది ఎత్తులో ఉన్న వీధులే. మా అద్దె ఇల్లు అలాంటి వీధిలోనే ఉంది.

ఆ చలికాలం మా అత్తయ్య నరసరావుపేట నుంచి వచ్చి రెండు వారాలయింది. ఒక ఉదయం కొళాయి తిప్పితే బుస్సుమని గాలి వచ్చింది. తర్వాత అర గ్లాసు ఎర్ర నీళ్లు. ఆ తర్వాత అదీ లేదు.

"అమ్మాయ్, బిందె ఎక్కడుంది?" అని అడిగింది అత్తయ్య.

"బిందెలు లేవత్తయ్యా, బకెట్లు ఉన్నాయి."

"ఇన్నేళ్ల కాపురంలో ఒక్క బిందె కొనుక్కోలేదా?" అంది. కోపంగా కాదు, నిజంగానే ఆశ్చర్యపోయింది. నీళ్లు ఎప్పుడొస్తే అప్పుడు పట్టి పెట్టుకోవడం ఆవిడకు చిన్నప్పటి నుంచి అలవాటు. మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఏ నీళ్లు దేనికో ఆవిడ ఏర్పాటు చేసేసింది. బియ్యం కడిగిన నీళ్లు గిన్నెలకు, గిన్నెలు కడిగిన నీళ్లు బాత్‌రూముకు. పెరట్లో మా 2,500 లీటర్ల వాన నీళ్ల ట్యాంకు ఉందిగా అని నేను ధైర్యంగానే ఉన్నాను. ఆ ట్యాంకు పెట్టించుకోమని ఇక్కడి మన తెలుగువాళ్లందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పిన మనిషిని నేను. ఆ మాట ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి. ఇక్కడ చలికాలంలో వాన పడదు. ట్యాంకులో మిగిలింది పావు వంతు కూడా లేదు, ఐదో రోజుకు అడుగు కనిపించింది.

మూడో రోజు, సాయంత్రం నాలుగింటికి ట్యాంకర్ వస్తుందని మెసేజ్ వచ్చింది. వీధి చివర బకెట్లు పట్టుకుని చీకటి పడేదాకా నిలబడ్డాం. రాలేదు. ఆరో రోజు ఒక స్కూలు మైదానం దగ్గర ఆపారని తెలిసి, మావారు ఆఫీసు మానేసి పాతిక లీటర్ల క్యాన్లు మోసుకొచ్చారు. పిల్లలకు స్కూల్ నుంచి నోటీసు, టాయిలెట్లు పనిచేయడం లేదు, పదకొండింటికే తీసుకెళ్లమని. అన్నిటికంటే టెన్షన్ ఏంటంటే, ఎప్పుడొస్తాయో చెప్పేవాళ్లు లేకపోవడం. రేపు రావని ఖాయంగా చెప్పినా ఏదో ఒకటి చేసుకుంటాం కదా.

పదకొండో రోజు రాత్రి మా గేటు ముందే జేసీబీ చప్పుడు. లీకు అక్కడే దొరికింది. గుంతలో మోకాలి లోతు బురదలో ఇద్దరు, పైన టార్చి పట్టుకుని ఒకరు. చలికి నోట్లోంచి పొగలొస్తున్నాయి. అత్తయ్య కొనుక్కొచ్చిన సీసా నీళ్లతో అల్లం టీ పెట్టి, నన్ను వెంటబెట్టుకుని బయటికి నడిచింది. వాళ్ల మేస్త్రీకి యాభై దాటి ఉంటాయి. అత్తయ్యను "గోగో" అని పిలిచాడు. జులూలో నాయనమ్మ అని. ఆవిడ "తాగు నాయనా" అని తెలుగులోనే అంది. ఇద్దరికీ అర్థమైంది.

తాగడం అయ్యాక అతను నన్ను గుంత అంచుకు పిలిచి టార్చి వేసి చూపించాడు. పాత పైపు. చేతి పొడవంత మేరలో మూడు క్లాంపులు, అంటే లీకు ఆపడానికి పైపు చుట్టూ బిగించే పట్టీలు, పక్కపక్కనే ఉన్నాయి. మొదటిది పూర్తిగా తుప్పు పట్టింది, రెండోది సగం, మూడోదాని బోల్టులు ఇంకా మెరుస్తున్నాయి. ఇప్పుడు వేస్తున్నది నాలుగోది. "ఈ పైపు నాకంటే పెద్దది. మారుద్దామని అడిగితే స్టోర్‌లో క్లాంపే ఇస్తారు" అన్నాడు. పదకొండు రోజులుగా నాకున్న కోపమంతా ఈ మనుషుల మీదే. ఆ రాత్రి అది వాళ్ల మీద నుంచి పోయింది. పని తెలిసినవాళ్లు, తెల్లారుజామున మూడింటికి బురదలో నిలబడి బోల్టు చేత్తో తడిమి చూసి బిగిస్తున్నారు. ఈ నగరంలో ఇలాంటివాళ్లు ఉన్నారని పన్నెండేళ్లలో నేను తెలుసుకోలేదు. నాలుగున్నరకు కొళాయి దగ్గింది. ఆరింటికి నీళ్లు వచ్చాయి.

అప్పటి నుంచి ప్రతి ప్లాన్‌ను ఆ గుంత అంచున నిలబడే చదువుతున్నాను. ఈ నగరం కింద 12,000 కిలోమీటర్లకు పైగా నీటి పైపులున్నాయి. ఏడాదికి కనీసం 2 శాతం మార్చుకుంటూ పోవాలని ఇంజనీర్లు చెబుతారు, అంటే 240 కిలోమీటర్లు. జరిగేది అందులో కొంతే. కొన్న నీళ్లలో నూటికి నలభైకి పైగా లీకుల్లోనో, బిల్లు లేని వాడకంలోనో పోతున్నాయి. మరి మనం కట్టే డబ్బు? అది చాలా ఏళ్ల పాటు నీటి సంస్థ చేతిలో ఉండకుండా నగరం ఉమ్మడి ఖాతాలోకి ఊడ్చినట్టు పోతూ వచ్చింది. అక్కడి నుంచి అడిగి తెచ్చుకోవాల్సి వచ్చేది. ఆ ఖాతాలో జీతాలు, పాత అప్పులు, ఇంకో శాఖ బకాయిలు అన్నీ కలిసే ఉంటాయి. నీళ్ల డబ్బును నీళ్లకే కట్టుబడేలా విడిగా ఉంచమని నేషనల్ ట్రెజరీ (దేశ ఆర్థిక శాఖ) పెద్ద నగరాలన్నిటికీ చెబుతోంది. నాకు సంబంధించినంత వరకు నీళ్ల ప్లాన్ అంటే ఇదే. మిగతాది క్లాంపు.

జిల్లే ఈ మాట సూటిగా అంటున్నారు. నీళ్ల ఆదాయం నీళ్లకే, ఉద్యోగాలు అర్హతను బట్టే. ఆవిడ 2006లో కేప్‌టౌన్ మేయర్ అయ్యారు, అదీ ఏడు పార్టీల కూటమితో. ఏ రోజు పడిపోతుందో తెలియని కూటమిని మూడేళ్లు నిలబెట్టారు. తర్వాత పదేళ్లు వెస్టర్న్ కేప్ ప్రీమియర్, అంటే ఆ రాష్ట్రానికి ముఖ్యమంత్రి లాంటి పదవి. నడిపిన అనుభవం ఉంది, కాదనలేను. అయితే కేప్‌టౌన్‌లో కూడా ఖయెలిట్షా అనే పేదల బస్తీ వాళ్లు చెప్పే కథ వేరుగా ఉంటుంది. పైగా 2017లో వలసపాలన వల్ల మంచి కూడా జరిగిందన్నట్టు ఆవిడ పెట్టిన ట్వీట్‌ను ఇక్కడ చాలామంది మర్చిపోలేదు. మా ఇంట్లో పనికి సాయం చేసే అక్క అయితే ఆ పేరు వింటేనే మాట మార్చేస్తుంది. నాకు పైపు ముఖ్యం. ఆ అక్కకు తన మర్యాద ముఖ్యం, అందులో తప్పేముంది?

మషాబాను ఒకప్పుడు నేను చాలా పొగిడాను. 1985లో బ్లాక్ లైక్ మీ అనే జుట్టు ఉత్పత్తుల కంపెనీ మొదలుపెట్టి పైకొచ్చిన మనిషి. 2016లో డీఏ తరఫున మేయరై, 'ఏ రే సెబెత్సెంగ్' అని, 'పని చేద్దాం రండి' అని, నెలకోసారి జనంతో ఊరు ఊడ్పించారు. మేమూ గ్లవ్స్ వేసుకుని వెళ్లాం. కబ్జా బిల్డింగుల గురించి ఆయన మాట్లాడినంత గట్టిగా ఎవరూ మాట్లాడలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, ఊడ్చిన వీధి కంటికి కనిపిస్తుంది, దాని కింది పైపు కనిపించదు. అది ఆయన మూడేళ్లలోనూ అక్కడే ఉంది. ఈఎఫ్ఎఫ్ అనే ఇంకో పార్టీ ఓట్లు లేకపోతే ఆయన బడ్జెట్ కూడా పాస్ కాని పరిస్థితి. 2019 అక్టోబర్‌లో జిల్లే డీఏ ఫెడరల్ కౌన్సిల్ అధ్యక్షురాలు కాగానే, ఆ మర్నాడే ఆయన రాజీనామా ప్రకటించారు. ఇప్పుడు ఆ ఇద్దరే ఎదురెదురుగా ఉన్నారు. నగరం బాగుపడాలంటే ఎన్నికల తర్వాత ఈ ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాల్సి రావచ్చు. నాకు దిగులంతా అక్కడే.

ఎందుకంటే ఇక్కడ మేయర్‌ను జనం నేరుగా ఎన్నుకోరు. కౌన్సిల్‌లో 270 సీట్లు, 136 మంది మద్దతు కావాలి. 2021లో ఏఎన్‌సీకి 91, డీఏకి 71, యాక్షన్ ఎస్ఏకి 44 వచ్చాయి. ఎవరికీ చాల్లేదు. చివరికి 3 సీట్ల అల్ జమా పార్టీ నుంచే వరసగా ఇద్దరు మేయర్లయ్యారు. 2022లో ఏఎన్‌సీకి చెందిన డాడా మొరేరో మేయర్‌గా మొదటిసారి కూర్చున్నది పాతిక రోజులు, కోర్టు తీర్పుతో దిగారు. పైపు మార్చడానికి టెండరు, డిజైను, తవ్వకం, ఇదంతా ఏళ్ల పని. అంతకాలం ఒకరు కుర్చీలో ఉంటే కదా!

ఏఎన్‌సీ గురించి న్యాయంగా చెప్పాలి. 2024 ఆగస్టులో మొరేరో మళ్లీ మేయరయ్యాక, 2025లో స్నుకీ జికలాలా నాయకత్వంలో 'బాంబ్ స్క్వాడ్' అని ఒక బృందం పెట్టారు. దేశాధ్యక్షుడు రామఫోసా కూడా తన తరఫున పనిచేసే బృందాన్ని వేశారు. ఆ ఏడాది నవంబర్‌లో ఇక్కడి నాస్రెక్‌లో జీ20 సదస్సు జరిగినప్పుడు ఆ దారుల్లో లైట్లు వెలిగాయి, గడ్డి కోశారు, గీతలు గీశారు. చూసి నిజంగా సంతోషపడ్డాను, ఇంటికి ఫోటోలు కూడా పంపాను. చేయగలరన్నమాట. ఆ దారి దిగి మా వైపు తిరిగాక మాత్రం ఏ మార్పూ లేదు. డిసెంబర్‌లో మొరేరో పార్టీ ప్రాంతీయ అధ్యక్ష పదవిని లోయిసో మసుకుకు పోగొట్టుకున్నారు. అంటే వాళ్లలో వాళ్లకే ప్లాన్ మళ్లీ మొదటికొచ్చినట్టు.

ఎవరు మేలు అని అడిగితే, కాగితం మీద జిల్లే ప్లాన్ నా పైపుకు దగ్గరగా ఉంది. కానీ నేను చెప్పేది ఎంతవరకు తీసుకోవాలో కూడా చెప్పాలి. నాకు ఇక్కడ ఓటు లేదు, మేం ఈ దేశ పౌరులం కాము. అద్దె ఇల్లు, రెండు జీతాలు, పెరట్లో ట్యాంకు. మరీ కుదరకపోతే ఊరు మారే వీలుంది. వీధి కొళాయి దగ్గర నెలల తరబడి క్యూ కట్టేవాళ్లకు గానీ, సోవెటోలో పుట్టి పెరిగినవాళ్లకు గానీ లెక్క వేరేలా ఉంటుంది. మొన్న ఇంటి ఓనరు రెండేళ్లకు రాసుకుందామా అని అడిగితే, ఒక్క ఏడాదికే సంతకం పెట్టాం.

అత్తయ్య వెళ్లే ముందు ఫోర్డ్స్‌బర్గ్ అంతా తిరిగి స్టీలు బిందెలు రెండు కొనిపించింది. రోజూ పొద్దున్నే నింపి మూత పెడుతున్నాను. పోయిన వారం నుంచి గేటు ముందు, ఆ నాలుగో క్లాంపుకు నాలుగడుగుల అవతల, గడ్డి మిగతా చోట్ల కంటే పచ్చగా కనిపిస్తోంది. ఇది వాన లేని కాలం. ఫిర్యాదు చేశాను, నంబరు ఇచ్చారు.