ధనుష్కోడిలో పది నిమిషాలు చాలవు

రామేశ్వరం వెళ్లే మనవాళ్లలో చాలామంది ధనుష్కోడిని భోజనానికీ సాయంత్రం దర్శనానికీ మధ్య చుట్టివస్తారు. రెండుసార్లు నేనూ అలాగే చూశాను. మూడోసారి మాత్రం కావాలనే డిసెంబరు 22న వెళ్లాను.

1964లో ఆ రాత్రి పాంబన్‌లో బయలుదేరిన 653 నంబరు ప్యాసింజరు ధనుష్కోడి చేరనే లేదు. తుపానుకు సిగ్నలు పనిచేయక స్టేషనుకు కాస్త ఇవతల బండి ఆగిందని, కొంతసేపు చూసి డ్రైవరు కూత వేసి చీకట్లోనే ముందుకు పోనిచ్చారని చెబుతారు. ఉప్పెన వచ్చి బండి మొత్తాన్నీ, ధనుష్కోడి ఊరినీ మింగేసింది. అందులో 100 మందికి పైగా ఉన్నారు. ఒక్కరూ మిగలలేదు.

వ్యాను మాట్లాడబోతే, శిథిలాల దగ్గర పది నిమిషాలే ఆపుతానన్నాడు. వద్దనుకుని టౌను బస్సెక్కాను. ఖర్చు తక్కువ, పైగా తొందరపెట్టేవారు ఉండరు. దారిలో విభీషణ శరణాగతి జరిగిన చోటుగా చెప్పే కోదండరామాలయం ఉంది. ఆ తుపానుకు నిలిచిన గుడి అది, తప్పక దిగండి. తర్వాత నీడ దొరకదు, నీళ్లు వెంట ఉంచుకోండి. చీకటి పడకముందే అందరినీ పంపేస్తారు.

అందరూ చర్చి గోడల దగ్గర ఫొటోలు దిగి, రోడ్డు చివర సముద్రపు మొన అయిన అరిచల్‌మునైకి వెళ్లిపోతారు. రైల్వే స్టేషను మొండిగోడల దగ్గర ఆగేవారు తక్కువ. మద్రాసు నుంచి బోట్ మెయిల్ రైల్లో వచ్చినవారు ఇక్కడ దిగి, ఓడలో శ్రీలంకలోని తలైమన్నారు వెళ్లేవారు. అంతటి చోట గవ్వల దుకాణాల మధ్య ఆ గోడలు అలా ఉండటం నాకు చాలా బాధ కలిగించింది. అదే తుపానుకు దెబ్బతిన్న పాంబన్ రైలు వంతెనను 46 రోజుల్లో నిలబెట్టిన రైల్వే ఇంజనీరు శ్రీధరన్ మన కాకినాడలో ఇంజనీరింగు చదివినవారే. వంతెన మీద రైళ్లు మళ్లీ నడిచాయి, ధనుష్కోడికి మాత్రం రాలేదు.

బస సంగతి: రామేశ్వరం గుడి పక్క లాడ్జిలో వేడినీళ్లు ఇస్తామని ఇవ్వలేదు, రాత్రంతా గోల. మర్నాడు ఒక సత్రానికి మారాను. గది చిన్నదే అయినా శుభ్రంగా ఉంది.

స్టేషను వెనుక ఇసుకలో చెలమ తవ్వి మంచినీళ్లు తోడుకుంటున్న ఒక పెద్దావిడను పట్టాలు ఎటు ఉండేవని సైగలతో అడిగాను. బిందె దించి, చేత్తో తూర్పుకు గీత గీసి చూపించింది. తెచ్చిన చామంతులు అక్కడే ఉంచి, తిరుగు బస్సు హారను వినిపించేదాకా కూర్చున్నాను.