గుడిస దారిలో దిగబడ్డ థార్, ఒడ్డెక్కించిన వించ్

అక్టోబరులో ఒక శనివారం రాజమండ్రి నుంచి రెండు బళ్లలో మారేడుమిల్లి బయల్దేరాం. నాది థార్, మా బావగారిది జిమ్నీ. 80 కిలోమీటర్ల పైచిలుకు దారి. రంపచోడవరం దాటాక రెండు పక్కలా అడవే. బస వనవిహారిలో. అటవీ శాఖ అండతో స్థానికుల వన సంరక్షణ సమితి చూసుకునే గెస్ట్‌హౌస్ అది. గదుల్లో పెద్ద హంగులు లేవు కానీ దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, చెప్పిన వేళకి అన్నం పెట్టారు. ఏటి ఒడ్డున పడుకోవాలని సరదా ఉన్నవాళ్లకి వలమూరు దగ్గర జంగిల్ స్టార్ ఉంది. పిల్లలతో వెళ్తే, అందులోనూ వానలప్పుడు, నేను వనవిహారికే ఓటేస్తాను. రాత్రి రోడ్డు పక్కన బొంగులో చికెన్ కాల్పించుకుని తిన్నాం. దాని కోసమైనా ఒకసారి వెళ్లి రావచ్చు.

తెల్లవారుజామున, సూర్యోదయం చూద్దామని, పుల్లంగి మీదుగా గుడిస గడ్డి కొండల దారి పట్టాం. రాత్రంతా వాన పడింది. ఎర్రమట్టి సబ్బులా ఉంది. జీపులు తిరిగి తిరిగి పడిన గాడిలోకి నా ఎడమ చక్రాలు జారాయి, దారి మధ్యలో దిబ్బ మీద బండి పొట్ట ఆనుకుంది. ఫోర్ లో (4L), అంటే నాలుగు చక్రాలకీ ఎక్కువ బలం ఇచ్చే లో గేరు, వేసినా చక్రాలు గిర్రున తిరగడమే తప్ప అంగుళం కదల్లేదు. జిమ్నీతో లాగిద్దామంటే దాని కాళ్ల కింద కూడా అదే మట్టి.

ఇక మిగిలింది నా బండి ముందున్న వించ్, అంటే మోటారుతో తాడుని డ్రమ్ముకి చుట్టుకుంటూ బండిని లాగే యంత్రం. ముందు దాన్ని ఎలా కొన్నానో చెప్పాలి. బండి మొత్తం బరువుకి కనీసం ఒకటిన్నర రెట్లు లాగగలిగేది తీసుకోవాలన్నది పాత లెక్క. మనుషులతో, సామానుతో నా థార్ రెండు టన్నులు దాటుతుంది కాబట్టి 9,500 పౌండ్లది, అంటే దాదాపు 4,300 కిలోల శక్తి ఉన్నది తీసుకున్నాను. 12,000 పౌండ్లది కొనమని షాపులో పట్టుబట్టారు. ముందు చక్రాల మీద అంత బరువు మొయ్యడం నాకు నచ్చలేదు. పైగా పెట్టె మీద రాసిన ఆ అంకె డ్రమ్ము మీద మొదటి వరస తాడుకే వర్తిస్తుంది. వరస మీద వరస చుట్టుకునే కొద్దీ లాగే బలం తగ్గుతుంది. అందుకే తాడు ఎంత బయటికి తీస్తే అంత మంచిది, చివరి చుట్లు మాత్రం డ్రమ్ము మీదే ఉంచాలి. స్టీలు తాడు కాకుండా సింథటిక్ తీసుకున్నాను. తేలిగ్గా ఉంటుంది, తెగినా స్టీలంత కసిగా ఎగిరి రాదు. రాళ్ల రాపిడి, ఎండ దానికి శత్రువులు. ఇంకో మాట, బుల్ బార్లు, అంటే బండి ముందు అదనంగా బిగించే ఇనప కడ్డీలు, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కి విరుద్ధమని 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకి రాసింది. అందుకని వించ్‌ని కంపెనీ బంపర్ వెనకే మౌంట్ మీద బిగించాలని అడిగాను.

ఆ బిగింపు దగ్గరే దెబ్బతిన్నాను. ఎదురుగా నల్లమద్ది చెట్టుకి వెడల్పాటి బెల్టు చుట్టి, షాకిల్ (U ఆకారపు ఇనప కొలికి) వేసి, తాడు తగిలించి లాగితే మోటారు మూలిగింది. బానెట్ ఎత్తి చూస్తే బ్యాటరీ దగ్గర ఎర్త్ కేబుల్ కాలిపోతోంది. పూర్తి లోడు మీద 400 ఆంపియర్ల దాకా లాగే మోటారుకి సన్నటి తీగ వేసి, బోల్టు కూడా సరిగ్గా బిగించకుండా ఇచ్చారు. నగరంలో పేరున్న వర్క్‌షాపే. అడవిలో మనుషుల ప్రాణాలు ఆ బోల్టు మీద ఉంటాయని వాళ్లకి తట్టకపోవడం నాకు నిజంగా కోపం తెప్పించింది.

బోల్టు బిగించి, ఈసారి కప్పీ వాడాం, అదే స్నాచ్ బ్లాక్. చెట్టు దగ్గర కప్పీ మీదుగా తాడు తిప్పి, కొసని తెచ్చి నా బండి హుక్‌కే తగిలించాం. వేగం సగమవుతుంది, లాగే బలం ఇంచుమించు రెట్టింపవుతుంది, మోటారు మీద భారం తగ్గుతుంది. తాడు పాతిక మీటర్లే కాబట్టి ఇలా లాగాలంటే చెట్టు 10, 11 మీటర్ల లోపు ఉండాలి. ఆ చెట్టు సరిగ్గా అక్కడ ఉండడం మా అదృష్టం. తాడుని నేరుగా చెట్టుకి చుట్టి లాగితే బెరడు ఒలిచేస్తుంది, తాడూ పాడవుతుంది. బెల్టు లేకుండా వించ్ ముట్టుకోకూడదు.

తెగితే ఎగిరి రాకుండా తాడు మీద తడిపిన దుప్పటి వేశాం. పిల్లల్ని పైకి, దూరంగా పంపేశాం. ఇంతలో పైనుంచి దిగుతున్న అద్దె జీపు డ్రైవరు ఆగి, మా బావగారు తాడు దాటబోతుంటే కేకేశాడు. "సార్, బిగిసిన తాడు దాటకండి, చుట్టూ తిరిగి రండి." తరవాత దగ్గరుండి చేత్తో సైగ చేస్తూ లాగించింది ఆయనే. ఇంజన్ ఆపకుండా, కొంచెం లాగి, ఆపి, మోటారు చల్లారాక మళ్లీ కొంచెం. నేను లో గేర్లో చక్రాలు మెల్లగా తిప్పుతూ ఉన్నాను. ముప్పావు గంటకి పొట్ట దిబ్బ మీంచి లేచింది. డబ్బులివ్వబోతే ఆయన పుచ్చుకోలేదు, టీ తాగించమన్నాడు.

సూర్యోదయం ఎటూ పోయింది. మర్నాడు థార్‌ని వనవిహారిలోనే వదిలి, ఆయన జీపులోనే గుడిస ఎక్కాం. గడ్డి కొండల మీద మబ్బు కాళ్ల కింద నడిచింది. వానాకాలంలో ఎవరు అడిగినా ఆ జీపే ఎక్కమంటాను. వించ్ ఉన్నవాళ్లకీ అదే మాట.

ఇంటికొచ్చి తాడంతా విప్పి, నీళ్లలో జాడించి, నీడన ఆరబెట్టాను. పోగుల్లో చిక్కుకున్న ఇసుక రేణువులు లోలోపల కోసేస్తాయి. ఎర్త్ కేబుల్ వేరేచోట లావుది వేయించి, మధ్యలో కటాఫ్ స్విచ్ పెట్టించాను. ఈసారి బోల్టులన్నీ నా చేత్తో బిగించి చూసుకున్నాకే బండి బయటికి తీశాను.